ఎంగిలి పొడి

అగ్నిసర్పం గుర్రుపెట్టి నిద్రపోతుంటే, దాని ముక్కు ముందు చాప పరిచి నారింజ తొక్కలు ఎండబెట్టుకున్న ఆడపిల్లను మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఉదయం గరుడకోనలో ఆ పని చేస్తున్నది వకుళ. శరభావతి రాజ్యంలో వంటశాల పెద్ద అయిన కూచిభట్టుకు ఒక్కగానొక్క కూతురు. తలపాగా చుట్టి, పంచె బిగించి, పై పెదవి మీద మేక వెంట్రుకల మీసం అంటించుకుని మగవేషంలో ఉంది. పాము ఊపిరి వేడికి మీసం జిగురు కరిగి పెదవి మీదికి కారుతోంది. తుడుచుకోవడానికి కూడా ఆమెకు తీరిక లేదు.

గరుడకోన అందం చెప్పనలవి కాదు. నాలుగు దిక్కులా ఆకాశాన్నంటే నల్లరాతి గోడలు, వాటి మీంచి ముత్యాల తెరలై జారే సెలయేళ్ళు, ఆ తుంపరలో తడిసి ఏడాది పొడవునా విరగకాసే నారింజ చెట్లు. ఎండ పడ్డప్పుడు కోన మొత్తం బంగారు వన్నెలో తేలుతుంది. ఆ ఋతువులో లోకంలో మరెక్కడా నారింజ కాయదు. ఇంత వైభవాన్నీ అనుభవించే ప్రాణి ఒక్కటే, ఆ పాము. దానికి అందంతో పని లేదు. తినడం, పడుకోవడం, ఇంకొకరెవరూ ఆ పండు ముట్టకుండా చూడడం, ఇంతే. ఈ విషయంలో అది శరభావతి రాజుగారిని పోలినదే.

తొక్క ఎండలో ఎండాలంటే అయిదు రోజులు కావాలి. వకుళకు ఆ మధ్యాహ్నం దాకానే గడువుంది. అందుకే ఈ తెగింపు. పండు వొలిచి, తొక్క లోపలి తెల్లటి పొరను చాకుతో గీకి, సన్నగా చీల్చి చాప మీద పరిచింది. ఆ తెల్లపొర కాస్త మిగిలినా పొడి అంతా చేదెక్కుతుంది. కాయలు కోసేటప్పుడు ముల్లు దిగి చూపుడువేలు చీరుకుపోయింది. నెత్తురు తొక్కకు అంటకుండా ఆ వేలు పైకెత్తి పట్టుకునే గీకింది. పాము ఊపిరి వదిలితే వడగాలి, పీలిస్తే సుడిగాలి. వదిలినప్పుడు తొక్కలు తిరగేస్తూ, పీల్చినప్పుడు చాప అంచుల మీద రెండు కాళ్ళూ తొక్కిపెట్టి నిలబడుతూ, లెక్కపెట్టి నూట అరవై ఊపిర్లు అయ్యేసరికి తొక్కలు పెళపెళలాడాయి.

మూట కడుతుండగా ఒక్క ముక్క ఎగిరి పాము ముక్కులోకి పోయింది.

గురక ఆగింది. తలుపంత కనురెప్ప లేచింది. వకుళ మూట నోట కరుచుకుని తీగ పట్టుకుని ఎగబాకింది. కింద పాము బుస్సుమంటే నారింజ చెట్లు వరసగా అంటుకున్నాయి. మంట నాలుక పంచె అంచును నాకింది. వంటవాళ్ళ పిల్ల కదా, ఆమె రొంటిన ఎప్పుడూ మిరియాల పొట్లం ఉంటుంది. నలిపి దాని మొహాన కొట్టింది. అగ్నిసర్పానికి తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకు నిప్పు వెనక్కి తన్ని దాని గొంతులోకే దిగింది, కొండ కంపించింది, తీగ తెగింది. అప్పటికే వకుళ చేతులు కొండ అంచును అందుకున్నాయి. పైన కట్టేసిన గుర్రం బెదిరి తాడు తెంపుకోబోతుంటే దాని మీదికి దూకి రాజధాని దారి పట్టింది.

గుర్రం ఎలాగూ పరుగెడుతోంది కాబట్టి, ఈ పిల్లకు ఇంత అవస్థ ఎందుకొచ్చిందో చెబుతాను.

శరభావతిలో రాజుగారి భోజనం ముందుగా శరభేశ్వరీదేవికి నైవేద్యం పెట్టాలి. నైవేద్యం కాకముందు వండినవాడు నాలుక మీద పెట్టుకుంటే అది ఎంగిలి. ఎంగిలి చేసినవాడి నాలుక కోస్తారు. రాజుగారి పళ్ళెంలో మిగిలినది మరొకరు ముట్టకూడదు, గొయ్యి తీసి పూడ్చేస్తారు. అంటే రాజుగారు తినే కూర రుచి ఎరిగిన నాలుక లోకంలో ఒకటే, రాజుగారిది. కూచిభట్టు ముప్పై ఏళ్ళు ఈ పద్ధతిలో వండాడు. వాసన పట్టి పోపు మాడుతోందో లేదో చెప్పేవాడు. చప్పుడు విని పప్పు ఉడికిందని చెప్పేవాడు. ఒక్కనాడూ ఒక్క మెతుకు నోట వేసుకోలేదు. అదే ఆయన గర్వం, ఆయన పూజ, అన్నీ.

రాజు జయకేతనుడికి ఒంటికి నీరు పట్టింది. కాళ్ళు బానల్లా ఉబ్బాయి. ఉప్పు మానకపోతే ప్రాణం దక్కదని వైద్యుడు చెప్పేశాడు. రాజుగారు చప్పిడి కూడు తినలేక పళ్ళేలు విసిరికొట్టాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు కూచిభట్టు ఆలోచించి ఒక పొడి చేశాడు. ఎండిన మామిడి ఒరుగులు, ఉసిరి ఒరుగులు, దానిమ్మ గింజలు, నారింజ తొక్కలు. వీటికి తోడు ధనియాలు, జీలకర్ర, మిరియాలు, శొంఠి, చిటికెడు వాము. పులుపూ ఘాటూ కలిసి నాలుకను ఎంత సందడిలో పెడతాయంటే అది ఉప్పు సంగతి అడగడమే మరిచిపోతుంది. రాజుగారు లొట్టలు వేసుకుంటూ తిన్నాడు. నలభై రోజుల్లో కాళ్ళు మామూలుగా అయ్యాయి. కూచిభట్టుకు ఒక శాలువా కప్పారు.

మళ్ళీ ఏమైందో ఏమో, మూడు నెలలుగా ఒళ్ళు ఉబ్బడం మొదలైంది. ఈసారి మొహం కూడా. రాజుగారికి పిల్లలు లేరు. ఆయన తరవాత రాజ్యం రాజగురువు ఊషరనాథుడి చేతికి వస్తుందని ఊరంతా ఎరుగును. ఆ ఊషరనాథుడే పొడిలో విషముందని తేల్చాడు. కూచిభట్టుకు సంకెళ్ళు వేశారు. దాచుకున్న నారింజ తొక్కలన్నీ తగలబెట్టారు. ఆయన్ని ఏనుగు చేత తొక్కించాలని తీర్పయింది.

అప్పుడు వకుళ మగవేషం వేసుకుని, దక్షిణదేశపు వంటవాడినని చెప్పి సభకు వెళ్ళింది. "ప్రభూ, అదే పొడి నేను మీ అందరి ఎదుట కొడతాను. తమరు తినండి. పొద్దు కుంకేలోగా తమకేమీ కాకపోతే పొడి మంచిదనీ, కూచిభట్టు నిర్దోషి అనీ ఒప్పుకోండి" అంది. రాజుగారు పెదవులు తడుపుకుంటూ వెంటనే ఒప్పుకున్నాడు. అంత త్వరగా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు ఆమెకు తట్టలేదు. వైద్యుడు మాత్రం చెవిలో చెప్పాడు. "చూడు నాయనా, ఇంకొక్క పూట ఆయన ఒంట్లో ఉప్పు పడిందంటే సాయంత్రానికి ఊపిరాడదు. జాగ్రత్త." ఊపిరాడకపోతే కూచిభట్టు ఏనుగు కాళ్ళ కిందే. తొక్కలు తెచ్చి పొడి కొట్టడానికి ఆమెకిచ్చిన గడువు ఆ మధ్యాహ్నమే.

వకుళ కోట చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

సభామంటపం తళతళలాడుతోంది. పగడపు స్తంభాలు, వాటి నడుమ జరీ తెరలు, పైన వజ్రాల గుత్తులు, కింద చలువరాతి మీద పునుగూ జవ్వాదీ కలిపి అలికిన ముగ్గులు. ఇంత సింగారం మధ్య సింహాసనంలో జయకేతనుడు నీళ్ళు నింపిన తోలుతిత్తిలా కూలబడి ఉన్నాడు. ఉంగరాలు వేళ్ళలో కూరుకుపోయాయి. ఆయన కుడిపక్కన కాషాయం కట్టుకుని ఊషరనాథుడు. ముందు కుంపట్లు, ఎసరు గుండిగ, జల్లెడ. నడుమ తెల్లగా మెరిసే రోలు. మూడు నెలల కిందట దేవి ప్రసాదమని రాజగురువు వంటశాలకు ఇచ్చినది అదే.

"ఈ రోటికి నీళ్ళు తగలకూడదు. పట్టుగుడ్డతో తుడవాలి. అది నియమం" అన్నాడు ఊషరనాథుడు.

వకుళ తల ఊపింది. మంటపం చివర సంకెళ్ళతో నిలబెట్టిన తండ్రిని చూసింది. మూడు రోజులుగా జైలుకూడు ముట్టలేదట, మడి లేని కూడని. బుగ్గలు లోపలికి పోయాయి. కూతురిని ఆయన పోల్చుకోలేదు. ఆయన చూపంతా కుంపటి మీదే ఉంది. వేగే ధనియాల వాసన తగలగానే, "చాలు, దించు" అని తనలో తానే అనుకున్నాడు. అదే క్షణాన వకుళ మూకుడు దించింది. చూసినవాళ్ళెవరూ దీన్ని గమనించలేదు.

ధనియాలు విడిగా, జీలకర్ర విడిగా, మిరియాలు విడిగా వేయించింది. కలిపి వేయిస్తే ఒకటి వేగేలోగా ఇంకొకటి మాడుతుంది. దానిమ్మ గింజలను సెగ చూపించి తడి పోగొట్టింది. ముందు శొంఠి నలగ్గొట్టి, ఆ పైన ఒరుగులు, ఆ పైన దినుసులు, చివరికి నారింజ తొక్క. రోకలి పడినప్పుడల్లా మంటపమంతా పుల్లటి, ఘాటైన పరిమళం లేచింది. సభలో పెద్దమనుషులు సైతం గుటకలు మింగారు. రాజుగారి గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది.

రోటి అంచుకు అంటిన పొడిని చేత్తో లోపలికి తోయబోయింది. ముల్లు గీరిన వేలు భగ్గుమంది. ఆమె ఆలోచించలేదు. దెబ్బ తగిలిన వేలును ఎవరైనా ఏం చేస్తారో అదే చేసింది, నోట్లో పెట్టుకుంది.

ముందు పులుపు తగిలింది. తరవాత నారింజ, దాని వెనక జీలకర్ర. అన్నిటి వెనకనుంచి ఇంకొకటి వచ్చి నాలుక మీద కూర్చుంది.

ఉప్పు.

వకుళ చెయ్యి రోకలి మీదే ఆగిపోయింది. ఒక్క రవ్వ ఉప్పు వెయ్యలేదు, తెచ్చిన దినుసుల్లో ఉప్పు లేదు. రోటి లోపలికి చూసింది. రోకలి పడ్డచోటల్లా తెల్లరాయి నలిగి పిండి రాలుతోంది. ఉప్పుకు వాసన లేదు. ముప్పై ఏళ్ళు ముక్కుతో వండిన తన తండ్రికి అది ఎన్నటికీ అందదు. ఆయన నియమం ఎంత గట్టిదో ఊషరనాథుడికి తెలుసు. ఆ నియమాన్నే పట్టుకుని ఆయన చేతితోనే రాజుకు రోజూ విషం పెట్టించాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ప్రభూ, ఈ పొడి తినకండి. ఇందులో ఉప్పుంది" అని అరిచింది.

ఊషరనాథుడు నవ్వాడు. "సరుకులు తెచ్చింది నువ్వు, దంచింది నువ్వు. ఉప్పు ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపలేదు. రోలే ఉప్పు. ఉప్పురాయి తొలిచి చేశారు దీన్ని. అందుకే నీళ్ళు తగలకూడదన్నారు."

"నీకెలా తెలిసింది?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ వేలు ఇంకా తడిగానే ఉంది, పెదవి మీద పొడి ఉంది. "నోట్లో పెట్టుకున్నాను" అంది వకుళ.

సభ మొత్తం ఒక్కసారి లేచింది. "ఎంగిలి! దేవి నైవేద్యం ఎంగిలి!" అని కేకలు. విషం మాట ఎవరూ ఎత్తలేదు. రోలు మాట ఎవరూ ఎత్తలేదు. కత్తి పట్టుకుని తలారి ముందుకు వచ్చాడు.

వకుళ సింహాసనం వైపే చూసింది. "నా నాలుక కోసుకోండి, కాదనను. ముందు ఒక్క మాట చెప్పండి ప్రభూ. మూడు నెలలుగా ఈ రోటి పొడి తిన్న నాలుక తమదొక్కటే. మొదటి ముద్దలోనే తెలిసి ఉండాలి. ఇందులో ఉప్పుందా, లేదా? ఉందని ఒక్క మాటంటే కూచిభట్టు ఇంటికి పోతాడు."

జయకేతనుడు రెప్పలు వాల్చాడు. ఉబ్బిన మొహం మీద సిగ్గు కనబడాలన్నా చోటు లేదు. ఆయనకు తెలుసు. మొదటి రోజే తెలుసు. తెలిసి, ఆనందించి, ఇంకో ముద్ద అడిగి, నోరు మూసుకున్నాడు. ఉప్పుందని చెబితే ఉప్పు ఆపేస్తారు కదా. ఆ ముద్ద కోసం ముప్పై ఏళ్ళ నౌకరును ఏనుగుకు అప్పజెప్పాడు.

"లేదు. ఉప్పు లేదు" అన్నాడు రాజు.

వకుళ మీసం పీకేసి, తలపాగా లాగి నేలకేసి కొట్టింది. జుట్టు జారి భుజాల మీద పడింది. మంటపం చివర సంకెళ్ళు గలగలమన్నాయి.

"వకుళా!" అన్నాడు కూచిభట్టు.

"నాన్నా, నీ పొడిలో తప్పు లేదు. తప్పంతా రోటిలో ఉంది. విన్నావుగా."

ఆయన సంకెళ్ళతోనే ఒక అడుగు ముందుకు వేశాడు. "నైవేద్యం కాకముందే నోట్లో పెట్టుకున్నావా తల్లీ?"

"నాన్నా, రాజుగారు అబద్ధం చెప్పాడు."

"నేనడిగేది అది కాదు. నా ఇంట పుట్టి, నా చేతి కింద పెరిగి, నోట్లో పెట్టుకున్నావా?"

పాము లేచినా, కత్తి చూపినా బెదరని పిల్ల ఆ మాటకు బెదిరింది. ఒక్క క్షణమే. తలారి చెయ్యి భుజం మీద పడబోతుండగా ఎసరు గుండిగను రెండు చేతులా ఎత్తి మరిగే నీళ్ళు రోటి మీద కుమ్మరించింది. రోలు సుయ్యిమంది. అంచులు కరిగాయి, నడుము విరిగింది, చూస్తుండగానే తెల్లటి మడుగై మంటపంలో పారింది. సభలో పెద్దమనుషులు కొందరు సగం లేచి, ఏ పక్క కూర్చోవాలో తెలియక అలాగే నిలబడ్డారు.

ఊషరనాథుడి మొహం బీటలు వారిన చవుడునేలలా పగిలింది. కాషాయం జారిపోయి, లోపలనుంచి ఎముకల దండ, బూడిద పూత, కమండలం బయటపడ్డాయి. రాజగురువు వేషంలో ఉన్న ఆ మాంత్రికుడు గుప్పెడు బూడిద విసిరాడు. నేల మీది ఉప్పునీరు గడ్డకట్టి తోడేళ్ళై లేచింది. తెల్లటి కోరలు, కళ్ళు లేని మొహాలు. మొదటి తోడేలు తలారి కాలు పట్టుకుంది. పట్టుకున్నచోట కండ ఎండి తోలైపోయింది.

జనం తొక్కిసలాడుతుంటే వకుళ అప్పటికే జల్లెడలోకి తీసి ఉన్న పొడిని గుప్పిళ్ళతో కావలివాళ్ళ కళ్ళలో కొట్టుకుంటూ తండ్రి దగ్గరకు దూసుకుపోయింది. ఆయన కదల్లేదు. "నేను రాను" అన్నాడు. ఆమె అడగలేదు. ఏళ్ళ తరబడి రోకలి ఎత్తిన భుజాలవి. సంకెళ్ళతో సహా తండ్రిని వీపున వేసుకుని వంటశాల వైపు పరుగెత్తింది. గడప దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. తోడేళ్ళ మధ్య, కేకల మధ్య, మహారాజు జయకేతనుడు సింహాసనం దిగి, మోకాళ్ళ మీద వంగి, కరిగిన రోటి మడుగులో వేలు ముంచి నాక్కుంటున్నాడు.

వంటశాల కడుగునీళ్ళు పోయే తూములోంచి ఇద్దరూ నీలవేణి నదిలోకి జారారు. కూరగాయలు తెచ్చిన పడవ ఒకటి రేవులో కట్టి ఉంది. కట్టు తెంపి, తండ్రిని అందులోకి తోసి, తెడ్డు పట్టింది. తోడేళ్ళు నీళ్ళలో దిగినవి దిగినట్టే కరిగిపోయాయి. ఆమెకు నవ్వొచ్చింది, అంతలోనే ఆరిపోయింది. కరిగిన ఉప్పు నదిని పట్టింది. రేవునుంచి తెల్లటి పొర నీటి మీద పాకుతూ పడవ వెంట వస్తోంది. దాని కింద చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. అదిగో, పడవ వెనక చెక్కను తాకింది, తాకినచోట చెక్క తెల్లబడి పొడిపొడిగా రాలింది. ముందు నది మలుపు. ఆ మలుపు అవతల పాతాళపాతం హోరు వినిపిస్తోంది. నాలుగు తాడిచెట్ల ఎత్తునుంచి నీలవేణి దూకే చోటది. ఆ పోటుకు ఉప్పు పొర నిలవదు, పడవ నిలుస్తుందో లేదో తెలియదు.

పడవలో ఎవరిదో అటుకుల మూట ఉంది, బెల్లంతో సహా. వకుళ ఒక చేత్తో తెడ్డు వేస్తూనే రెండో చేత్తో అటుకులు తడిపి, బెల్లం నలిపి, ముద్ద చేసి తండ్రి నోటి ముందు పట్టింది.

"తిను నాన్నా. మూడు రోజులైంది."

కూచిభట్టు తల తిప్పుకున్నాడు. "ఆ చేత్తో వద్దు."

"ఆకలికి ప్రాణం పోతుంది నాన్నా."

"ఏనుగు కింద పోయినా మడితో పోయేవాణ్ణి" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. ఇంటి విషయం ఏదో చెబుతున్నట్టు అన్నాడు. తరవాత సంకెళ్ళు ఒళ్ళో పెట్టుకుని, అటు తిరిగి, ఆమె చేసిన పాపానికి దేవిని క్షమాపణ వేడుకుంటూ జపం మొదలుపెట్టాడు.

వకుళ ఆ ముద్ద అలాగే పట్టుకుంది. తండ్రిని బతికించుకుంది. ఆయన ఎదురుగానే ఉన్నాడు, ఊపిరి పీలుస్తున్నాడు, జపం చేస్తున్నాడు. ఇంత దుఃఖం ఆమెకు జైలు గోడ బయట నిలబడ్డప్పుడు కూడా కలగలేదు.

వెనక పడవ చెక్క ఇంకొకటి రాలింది. ఆమె ముద్దను తన నోట్లో వేసుకుని, నమిలి మింగి, రెండు చేతులా తెడ్డు పట్టుకుని, పడవ ముక్కును పాతాళపాతం వైపు తిప్పింది.